ముందు ఎవరు అమ్మితే

భానుప్రియకు చిన్నప్పటినుంచీ భయం ఎక్కువ. బడిలో టీచరు పేరు పెట్టి పిలిస్తే తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఆగిపోయేది. అలాంటి పిల్ల పెద్దదై, ఇంటింటికీ తిరిగి ముక్కూమొగం తెలియనివాళ్ళను ప్రశ్నలడిగే ఉద్యోగంలో చేరిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

వాళ్ళది కోట మండలంలో సముద్రపు గాలి తగిలే ఒక రైతుల ఊరు. తూర్పున రొయ్యల గుంటలు, పడమట వరి కయ్యలు. చెరువు నుంచి వచ్చే పంట కాలువ ఒక్కటే ఆ కయ్యలన్నిటికీ ఆధారం. భానుప్రియ తండ్రి జయరామయ్యకు కాలువ చిట్టచివర కొద్దిపాటి మాగాణి ఉంది. దాని మీదే కూతుర్ని గూడూరులో ఇంజనీరింగు చదివించాడు. చదువయ్యాక నెల్లూరులో నరేంద్రబాబు అనే ఆయన నడిపే చిన్న ఆఫీసులో ఆమెకు పని దొరికింది. వారమంతా హాస్టల్లో ఉండి సెలవులకు ఊరికి వచ్చేది.

ఆ ఆఫీసు పని నేల పటాలు తయారుచేయడం. చిల్లకూరు, కోట, వాకాడు వైపు ఫ్యాక్టరీలు వస్తాయని, కొత్త రోడ్డు పడుతుందని, ఆ రోడ్డు వెంట పట్నం లేస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. అదే జరిగితే ఈ నేల ఎలా మారుతుంది, ఎక్కడ ఇళ్ళు లేస్తాయి, ఎక్కడ వరి మిగులుతుంది అన్నది ముందే అంచనా కట్టి ఇమ్మని ఒక ప్రభుత్వ శాఖ నరేంద్రబాబుకు పని అప్పజెప్పింది. ఆ అంచనా కట్టే సాఫ్ట్‌వేరు, దానికోసం ఇంటింటికీ తిరిగి చేసే సర్వేలో కొన్ని ఊళ్ళు భానుప్రియ చేతికి వచ్చాయి.

చూడటానికి అది పిల్లల ఆటలా ఉండేది. తెర మీద నేలంతా చిన్న చిన్న గళ్ళు. వరి పచ్చ, రొయ్యల గుంట నీలం, బీడు గోధుమరంగు, ఇళ్ళ ప్లాట్లు బూడిదరంగు. గళ్ళ మీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక కుటుంబం. వాటిని ఏజెంట్లు అంటారు.

"ఏజెంట్లంటే బీమా కట్టించుకునేవాళ్ళా?" అని అడిగాడు జయరామయ్య, కూతురు ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంటే.

"కాదు నాయనా. మనలాంటోళ్ళే. ఈ చుక్కకు ఎంత నేల ఉండాది, నీళ్ళు ఎట్టా ఉండాయి, పక్కోడు ఏం చేస్తాండాడు, ఇవన్నీ తెలుసు. ప్రతి పంటకూ ఒకసారి ఆలోచించుకుంటుంది, ఉంచుకుందామా అమ్ముదామా అని. ఆ చుక్కలు ఏం చేస్తాయో చూస్తే ఊరు ఏమవుతాదో తెలుస్తుంది."

"చుక్కకు ఆలోచన ఎవరు నేర్పినారు?"

"మీరే. సర్వేలో మీరు చెప్పిందే దానికి నేర్పేది."

సర్వేకు సొంత ఊరు కూడా ఆమె వంతుకే వచ్చింది. కాలువ మొదట్లో, తూము పక్కనే ఉన్న పొలం పెంచలమ్మది. జయరామయ్యకు పెదనాన్న కొడుకు భార్య. భర్త పోయాడు, కూతురు నాయుడుపేటలో కాపురం ఉంటోంది. పెంచలమ్మ ఒక్కతే కూలీలను పెట్టుకుని సాగు చేయించుకునేది.

"పెద్దమ్మా, ఎప్పటికన్నా ఈ పొలం అమ్ముతావా?" అని ట్యాబ్ చూసి చదివింది భానుప్రియ.

"నీ నోట్లో మన్నుపొయ్య! పొద్దున్నే వచ్చి అదేం మాటే?"

"నా మాట గాదు పెద్దమ్మా, ఇందులో అడగమని ఉండాది."

పెంచలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "కాళ్ళూచేతులూ ఆడినన్నాళ్ళూ అమ్మను. కానీ ఒంటి ఆడదాన్ని. ఎవురన్నా వచ్చి నెత్తిన నిలబడితే ఎన్నాళ్ళు తట్టుకుంటానో చెప్పలేను. ఆ మాట గూడా రాసుకో."

భానుప్రియ రాసుకుంది. ఇతర వివరాలు అన్న చోట ఆ మాటను ఉన్నదున్నట్టు ఎక్కించింది. కాలువ కింద మిగిలిన ఇళ్ళవాళ్ళు దాదాపు అందరూ ఒకే సంగతి చెప్పారు. ధర పెరిగితే అమ్మరు, ఎవరో అడిగితే అమ్మరు. కాలువలో ఉప్పు కలిస్తే మాత్రం చేసేదేమీ లేదు, వచ్చినకాడికి అమ్ముకుని పోవడమే. తూర్పున గుంటల పక్క పొలాలు తెల్లగా పొక్కిపోవడం వాళ్ళు కళ్ళారా చూసినవాళ్ళు.

ఆ పని ఆమెకు నచ్చింది. తను రాసిన నాలుగు మాటలకు తెర మీద చుక్కలు కదులుతుంటే, కాలువ వెంట పచ్చదనం నిలబడుతుంటే సంతోషంగా ఉండేది.

ఒకరోజు నరేంద్రబాబు ఆమె కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"భానూ, ఇన్నాళ్ళూ ఏమవుతుందని అడిగాం. ఒకసారి తిరగేసి అడుగుదామా? ఒక్కో కాలువ కింద ఎవరు ముందు అమ్మితే మిగిలినవాళ్ళంతా అమ్ముతారు?"

"అది ఎందుకు సార్?"

"ఏ పొలం కాపాడితే ఊరు నిలబడుతుందో డిపార్ట్‌మెంటుకు తెలియాలి గదమ్మా."

మాట సబబుగానే అనిపించింది. ఒక్కో కుటుంబాన్నీ వంతులవారీగా ముందు అమ్మినట్టు పెట్టి, ఒక్కోసారీ ఊరు ఏమవుతుందో చూడమని సాఫ్ట్‌వేరుకు చెప్పింది. చాలామంది విషయంలో ఏమీ జరగలేదు. ఒక గడి రంగు మారేది, చుట్టూ పచ్చ అలాగే ఉండేది. ఆఫీసులో అందరూ టీలు తాగుతూ మాట్లాడుకుంటున్నారు. భానుప్రియ కూడా గ్లాసు పట్టుకుని తెరకేసి చూస్తోంది.

అప్పుడు ఒక కాలువ మొదట్లో గడి నీలమైంది. రొయ్యల గుంట. గుంట నుంచి వదిలిన ఉప్పునీళ్ళు కాలువలోకి దిగాయి. ఒక పంట గడిచింది. కాలువ వెంట పచ్చ గళ్ళు గోధుమరంగుకు తిరగడం మొదలుపెట్టాయి. ఇంకో పంట. చుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి మాయమైపోయాయి. ఆ వెనకే బూడిదరంగు ముంచుకొచ్చి కాలువ చివరిదాకా పరుచుకుంది. మళ్ళీ నడిపింది. మళ్ళీ అంతే. ఎన్నిసార్లు నడిపినా ఆ ఒక్క చుక్క పోతే ఊరు మిగల్లేదు.

చుక్కలకు పేర్లుండవు, అంకెలే ఉంటాయి. కానీ ఆ కాలువ ఒంపు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆ ఒంపులో మునిగి ఈత నేర్చుకుంది. కాలువ మొదట్లో, తూము పక్కనున్న ఆ గడి పెంచలమ్మ పొలం.

నరేంద్రబాబు వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "చాలా బాగుంది" అన్నాడు. ఫైలు తన పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఊరిని కాపాడటానికే కదా అని భానుప్రియ మనసుకు చెప్పుకుంది. మనసు వినలేదు.

ఆ నెలలోనే ఊరికి వెళ్ళినప్పుడు పెంచలమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది. మనిషి సగమైంది. భానుప్రియను చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది.

"కారేసుకుని వస్తాండారు పాపా. పొలం ఇవ్వమంటారు. ఇవ్వనంటే కోప్పడరు, నవ్వుతారు. మళ్ళా వస్తారు. మొన్న మోటారు వైరు ఎవురో కోసేసినారు. బాగుచేయించుకుంటే మళ్ళా కోసినారు."

"ఎవరు పెద్దమ్మా వాళ్ళు?"

"సుశీల్ కుమారంట. చిల్లకూరు కాడ హైవే మీద హోటల్లో కూర్చోనుంటాడంట, ఏదో కంపెనీకి భూములు కొంటాడంట. వాడు ఏమన్నాడో తెలుసా? 'ఒంటి ఆడమనిషివి, ఎవరన్నా వచ్చి నెత్తిన నిలబడితే ఎన్నాళ్ళు తట్టుకుంటావమ్మా' అన్నాడు. అది నా మాటే పాపా. నా నోట్లో మాట వాడికి ఎట్టా తెలిసింది?"

 ఆ మాట పెంచలమ్మ ఇంకెవరితోనూ అనలేదు. సర్వేలో తప్ప ఇంకెక్కడా లేదు.

"నువ్వు ఎవురితోనన్నా అన్నావా?" అని అడిగింది పెంచలమ్మ, అనుమానంతో కాదు, మామూలుగానే.

"లేదు పెద్దమ్మా" అన్న మాట ఎలాగో బయటికి వచ్చింది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని లెక్క కట్టుకుంది. ఆ కంపెనీకి కొత్త రోడ్డు పక్కన నేల కావాలి. మంచి మాగాణి అయితే ఎవరూ అమ్మరు. అదే ఉప్పు తేలితే రైతులే వచ్చి కాళ్ళు పట్టుకుంటారు. అందుకు ఒక్క పొలం కొని రొయ్యల గుంట తవ్వితే చాలు. ఏ పొలమో కనిపెట్టింది తను. పెంచలమ్మను ఎలా లొంగదీయాలో కూడా తన సర్వేలోనే ఉంది.

ఊళ్ళో అందరికీ చెప్పేద్దామనుకుంది. కానీ చెబితే? గుంటలు రాబోతున్నాయని తెలిస్తే జనం ఏం చేస్తారు? నెల్లూరు పోయాక, ఆఫీసులో ఎవరూ లేని భోజనం వేళ, చుక్కలకు ఆ వార్త చెప్పి చూసింది. ఉప్పు రాబోతోందన్న కబురు కాలువ కింద అన్ని చుక్కలకూ ఒకేసారి అందేలా పెట్టింది.

పెంచలమ్మ పొలం అమ్ముడుపోకముందే ఊరు ఖాళీ అయింది. మొట్టమొదట ఎగిరిపోయిన చుక్క కాలువ చిట్టచివరిది. అది తమ ఇంటి చుక్క.

ఆమె తెర మీద ఆ కిటికీ మూసేసింది. చెప్పకపోతే పెంచలమ్మ పోతుంది, ఆమె వెనక అందరూ పోతారు. చెబితే అందరూ ఇప్పుడే పోతారు. ఎటు చూసినా బూడిదరంగే.

మర్నాడు నరేంద్రబాబు ఆమెను తన గదిలోకి పిలిచాడు. ఎదురుగా కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు.

"నిన్న సాఫ్ట్‌వేరులో ఒక రన్ చేశావు, కనబడింది. అది నేను అడగలేదే?"

"ఊరికే చూద్దామని సార్."

"చూడు, తప్పు లేదు. మీ నాన్నగారు జయరామయ్యగారు గదా? ఆ కాలువ చివర పొలం మీదే గదా?"

ఆమె తలూపింది.

"పెద్దవాళ్ళు, నిదానస్థులు. వాళ్ళను ఇందులోకి లాగకు. ఆఫీసు సమాచారం బయటికి పోతే కేసులవుతాయమ్మా. పెళ్ళి కావాల్సిన పిల్లవి, పోలీసు స్టేషన్ల చుట్టూ ఏం తిరుగుతావ్? టీ తాగు, చల్లారిపోతుంది."

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూశాక భానుప్రియ బస్టాండుకు ఎలా వచ్చిందో, కోట బస్సు ఎప్పుడెక్కిందో ఆమెకు గుర్తులేదు. దారిపొడవునా వెనక సీట్లో ఎవరు కూర్చున్నారో తిరిగి చూస్తూనే ఉంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడి బ్యాగులో అడుక్కు తోసేసింది.

ఇంటికి చేరి దీపాలు పెట్టే వేళకు తండ్రికి అంతా చెప్పింది. చెప్పేటప్పుడు ఏడ్చింది.  జయరామయ్య అంతా విని, లేచి, చెంబుతో కాళ్ళు కడుక్కుని వచ్చి, "పొద్దున మాట్లాడుకుందాం, తినేసి పడుకో" అన్నాడు.

పొద్దున లేచేసరికి ఆయన లేడు.

"నాయన యాడికి పోయినాడమ్మా?"

"బ్యాంకులో పనుందని పొలం పాసుపుస్తకం తీసుకుని పోయినాడే" అంది తల్లి, పేడ తీస్తూ.

ఆ రోజు ఆదివారం. బ్యాంకు ఉండదు. భానుప్రియకు తెర మీద చుక్క కళ్ళ ముందు మెదిలింది, అన్నిటికంటే ముందు ఎగిరిపోయిన చుక్క. జడ కూడా వేసుకోకుండా పరుగెత్తి చిల్లకూరు పోయే షేర్ ఆటో పట్టుకుంది. ఆటో ప్రతి ఊళ్ళోనూ ఆగుతుంటే ఆమె ప్రాణం కొట్టుకులాడింది. సంతకం పెట్టేసి ఉంటాడా? తనకు తెలిసిన రహస్యం తండ్రి నోటి నుంచి వాళ్ళకు తెలిసిపోయి ఉంటుందా?

హైవే మీద ఆ హోటలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. బయట తెల్ల కార్లు నిలబడి ఉన్నాయి. లోపల ఫ్యాను కింద బల్ల దగ్గర సుశీల్ కుమార్ ఇడ్లీ తింటున్నాడు. నడివయసు మనిషి, శుభ్రమైన బట్టలు. ఎదురుగా జయరామయ్య కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. పాసుపుస్తకం బల్ల మీద పెట్టి దాని మీద చెయ్యి ఆనించాడు.

కూతుర్ని చూసి జయరామయ్య మొహం తిప్పుకున్నాడు.

"ఎవరీ పాప?" అన్నాడు సుశీల్ కుమార్.

"నా కూతురు."

"ఏం చేస్తుంటావమ్మా?"

అతనికి తన పేరు తెలిసే ఉంటుందనుకుంది. తెలియకపోతే తెలియనివ్వకూడదు. "టైలరింగు నేర్చుకుంటాండా" అంది. అతను తలూపి మళ్ళీ ఇడ్లీ వైపు చూశాడు. 

"అదే సార్, నేను చెప్పేది" అన్నాడు జయరామయ్య. "మంచి మాగాణి. ఏడాదికి రెండు పంటలూ పండుతుంది. మీరు ఒక మాట చెప్తే ఈ పొద్దే రాసిస్తా."

సుశీల్ కుమార్ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "పెద్దాయనా, మీది ఇప్పుడు మాకు అక్కర్లేదు."

"అక్కర్లేదా?"

"తొందరేముంది? ముందు పైనున్న ఆమెది కానీండి. ఆ తర్వాత రెండు పంటలు చూసుకుని మీరే వస్తారు. అప్పుడైతే ఇద్దరికీ తీరుబడిగా ఉంటుంది."

"రెండు పంటలు చూసుకోవడమంటే?"

"నీళ్ళు చూసుకోవడం" అన్నాడు అతను. అతని పక్కన కూర్చున్న మనిషి నవ్వాడు. "మీరనే కాదు, మీ కాలువ కింద ఎవరొచ్చినా ఇదే మాట. ఇప్పుడెవరిదీ కొనం. వెళ్ళిరండి."

బయటికి వచ్చాక జయరామయ్య ఎండలో అలాగే నిలబడిపోయాడు. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

"నాకు చెప్పకుండా ఎట్టా వచ్చినావు నాయనా?" అంది భానుప్రియ. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

"అందరూ ఎగబడేలోగా మనం బయటపడదామనుకున్నా పాపా. నిన్ను కేసుల్లో ఇరికిస్తారేమోనని గూడా భయమేసింది. నాలుగు రూపాయలు చేతిలో ఉంటే ఎట్నో బతకొచ్చని..." ఆయన హోటలు వైపు తిరిగి చూశాడు. "అమ్ముతానని పోతే కొననన్నాడే. కట్టేసిన మేకను కసాయోడు చూసినట్టు చూసినాడు. ఈ పొద్దు కాకపోతే రేపు, యాడికి పోతాదిలే అని."

ఆయన పాసుపుస్తకం చంకలో పెట్టుకుని, వచ్చే ఆటోకు చెయ్యెత్తాడు. 

ఇద్దరూ ఊరికి వచ్చి నేరుగా పెంచలమ్మ ఇంటికి పోయారు. ఆమె బట్టలు మూటకడుతోంది.

"యాడికి వదినా?" అన్నాడు జయరామయ్య.

"నాయుడుపేటకు, బిడ్డ కాడికి. సరేనని చెప్పేసినా జయరామా. గురువారం రిజిస్ట్రారాఫీసుకు రమ్మన్నారు. రేత్రిళ్ళు కన్ను మూతపడ్డంలేదు. మోటారు పాడైతే పంట పోతాది. మోటారు కాడికి నేను పోతే, నేనే పోతానేమో."

అప్పుడు భానుప్రియ ఆమె ముందు నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. తను అడిగిన ప్రశ్న, ఆమె చెప్పిన జవాబు, అది ఎక్కడికి పోయిందీ, ఆమె పొలం పోతే కింద ఏమవుతుందీ. పెంచలమ్మ మూట మీద చెయ్యి పెట్టి వింది. తిడుతుందనుకుంది భానుప్రియ, కొడుతుందనుకుంది. పెంచలమ్మ మూట పక్కకు జరిపింది.

"అయితే నా ఒక్కదాని కోసం గాదా వాళ్ళు తిరిగేది?" అంది చివరికి.

"నీ వెనక మా అందరి కోసం" అన్నాడు జయరామయ్య. "వదినా, నువ్వు అమ్మొద్దు. ఆ పొలం కౌలుకు మాకియ్యి. మేం చేస్తాం. మోటారు కాడ నేను పడుకుంటా."

"నువ్వొక్కడివి పడుకుంటే నిన్ను గూడా కోస్తారు."

"ఒక్కణ్ణే ఎందుకు? కాలువ కింద వాళ్ళందరం."

ఆ మాటకు భానుప్రియ లేచి నిలబడింది. అందరికీ చెప్పాలన్న మాట. తను ఏ పని చేయడానికి భయపడుతోందో అదే. "నాయనా, అందరికీ చెబితే అందరూ అమ్మేదానికి పోతారు. నేను చూసినా" అంది.

"పోతే పోనియ్యి. నేను పోలేదా?"

మర్నాడు పాలకేంద్రం దగ్గర, పాలు పోసే వేళకు కాలువ కింద రైతులను ఆగమన్నారు. భానుప్రియ మాట్లాడాలని లేచింది. అందరూ తనకు తెలిసినవాళ్ళే, తను ఎత్తుకుని ఆడించిన పిల్లల తండ్రులే. వాళ్ళ మొహాలు చూస్తే తెర మీద చుక్కలే గుర్తొచ్చాయి. ఒకటి లేచిందంటే చాలు, అన్నీ లేస్తాయి. సగం తను చెప్పింది, సగం తండ్రి చెప్పాడు. హోటల్లో సుశీల్ కుమార్ అన్న మాటలు జయరామయ్య ఒక్కటీ పోకుండా చెప్పాడు, తను అమ్మడానికి వెళ్ళిన సంగతితో సహా.

 తర్వాత పెంచలకృష్ణ అనే రైతు టవలు దులిపి భుజాన వేసుకున్నాడు. కాలువ నడిమధ్య పొలం అతనిది.

"మామా, నువ్వు చెప్పినావు, సరే. నాకు ఇద్దరు పిల్లకాయలు. నాది కొంటాడేమో, పోయి అడిగొస్తా. తప్పుగా అనుకోవద్దు."

"పోయిరా" అన్నాడు జయరామయ్య.

పెంచలకృష్ణ బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. ఇంకో ఇద్దరు తమ బండ్ల దగ్గరికి పోయి నిలబడ్డారు. భానుప్రియ స్తంభానికి ఆనుకుని నిలబడింది. అయిపోయింది అనుకుంది. చుక్కలు కదిలాయి, ఇక ఆపడం ఎవరి తరం కాదు. అతను పోయి అక్కడ అంతా చెప్పేస్తాడు. సుశీల్ కుమార్ నరేంద్రబాబుకు ఫోన్ చేస్తాడు. సాయంత్రానికి పోలీసులు ఇంటికి వస్తారు. అమ్మ ఏమైపోతుంది? ఎవరో ఆమెకు మజ్జిగ ఇచ్చారు, ఆమె తాగలేకపోయింది. బండి చప్పుడైన ప్రతిసారీ రోడ్డు వైపు చూసింది.

పెంచలకృష్ణ ఎండ నెత్తికెక్కాక తిరిగొచ్చాడు. బండి స్టాండు వేసి, టవలు తీసి నెత్తి తుడుచుకున్నాడు.

"'ఇంకా టైముంది గదా' అన్నాడు మామా నాతో గూడా" అన్నాడు. "'నీళ్ళు చూసుకుని రా' అన్నాడు. నవ్వినాడు."

బండ్ల దగ్గరికి పోయినవాళ్ళు వెనక్కి వచ్చి కూర్చున్నారు. తెర మీద చుక్కలు అమ్మితే కొనేవాడు ఎప్పుడూ ఉండేవాడు, ఇక్కడ కొనేవాడు లేడు. ఇక ఆ రోజు ఎవరూ పొలం పనికి పోలేదు. పెంచలమ్మ పొలం అందరూ కలిసి కౌలుకు తీసుకుని చేసేట్టు, మోటారు దగ్గర వంతులవారీగా ఇద్దరిద్దరు పడుకునేట్టు మాట్లాడుకున్నారు. ఒకాయన మాత్రం నాకు ఇందులో తగులుకోవడం ఇష్టం లేదని లేచిపోయాడు. గురువారం పెంచలమ్మ రిజిస్ట్రారాఫీసుకు పోలేదు. నాయుడుపేటకూ పోలేదు. నాట్ల మధ్యలో ఒకసారి కార్లు వచ్చి తూము దగ్గర ఆగాయి. నడుములు వంచి నాటేవాళ్ళంతా నిలబడ్డారు.  కార్లలోంచి ఎవరూ దిగలేదు. కాసేపుండి పోయాయి. అవి కనుమరుగయ్యాక నాటేవాళ్ళలో ఒకామె గట్టు మీద కూలబడి వాంతి చేసుకుంది. అంత భయం అందరిలోనూ ఉంది.

భానుప్రియ మళ్ళీ ఆ ఆఫీసుకు పోలేదు. ఆమెకు లాయరు నోటీసు వచ్చింది. పేరు చెప్పని ఫోన్లు వచ్చాయి, ఎత్తితే మాట్లాడేవాళ్ళు కాదు, ఊపిరి మాత్రం వినిపించేది. తండ్రిని వెంటబెట్టుకుని, ఆ పని అప్పజెప్పిన శాఖలో ఆనందకుమారి అనే అధికారిని కలిసింది. చెబుతూ చెబుతూ తడబడితే ఆవిడ ఆపి నీళ్ళిచ్చింది.

"ఈ ప్రశ్న మేము అడగలేదు" అందావిడ అంతా విని. "సర్వే మాది. మనుషుల పేర్లు, వాళ్ళ మాటలు మాకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదు. నువ్వు చెప్పింది రాసి సంతకం పెట్టగలవా?"

ఆమె పెట్టింది. నరేంద్రబాబు దగ్గరి నుంచి ఆ పని తీసేశారు, విచారణ వేశారు. విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. నరేంద్రబాబు నెల్లూరులోనే వేరే పేరుతో ఆఫీసు తెరిచాడని విన్నది.

నరేంద్రబాబు తీసుకుపోయిన ఫైలులో ఉన్నది తమ కాలువ ఒక్కటే కాదు. తను నడిపిన కాలువలన్నీ ఆమెకు గుర్తున్నాయి. ఒకరోజు తండ్రితో కలిసి వాకాడు వైపు అలాంటి ఒక ఊరికి పోయింది. కాలువ మొదట్లో పొలం ఎవరిదో అడిగితే పద్మనాభయ్య అనే ముసలాయన ఇల్లు చూపించారు. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"పొలం గురించా? పోయిన నెల్లోనే రాసిచ్చేసినా తల్లీ" అన్నాడు. "నా కొడుకు అప్పులు, వాడి తాగుడు, అన్నీ తెలుసుకుని వచ్చినారు. సొంత మనిషి మాట్లాడినట్టు మాట్లాడినారు."

 ఆ ఊరి సర్వే భానుప్రియ చేయలేదు, ఇంకెవరో చేశారు. పొలంలో పొక్లెయిన్లు అప్పటికే రొయ్యల గుంటకు కట్టలు పోస్తున్నాయి. జయరామయ్య కాలువ కిందికి పోయి అక్కడి రైతులతో చాలాసేపు మాట్లాడాడు. గుంటకు అనుమతి ఇవ్వొద్దని మండలాఫీసులో అర్జీ పెట్టమని చెప్పాడు. వాళ్ళలో కొందరు తలూపారు. మిగిలినవాళ్ళు ఎవరి పొలం ఎంత ధర పలుకుతుందో అడిగారు.

ఇప్పుడు భానుప్రియ గూడూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటోంది. రోజూ ఊరి నుంచి పోయివస్తుంది. పెంచలమ్మ పొలంలో రెండు పంటలు పండాయి. కౌలు గడువు వచ్చే ఏడాది తీరుతుంది. పెంచలమ్మకు మోకాళ్ళు సహకరించడం లేదు, కూతురు రమ్మంటోంది. ఆమెకు పోవాలని ఉంది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. కౌలు ముగిశాక ఏం చేయాలని పాలకేంద్రం దగ్గర మాట్లాడుకుంటున్నారు. కలిసి కొందామని కొందరు, మన వల్ల కాదని కొందరు. ఆ మాటలు ఇంకా తేలలేదు.